పన్నెండు దగ్గర మొదలు

వదిన గిటారు వాయిస్తుంటే చూడాలే గానీ వినకూడదు అని ఇంట్లో ఒక మాట ఉండేది. అన్నది పరాయివాళ్ళెవరో కాదు, స్వయానా ఆవిడ మొగుడు. అన్నందుకు ఆ పూట ఆయన తన కంచంతో పాటు ఇంటిల్లిపాది కంచాలూ కడిగాడు, అది వేరే సంగతి. కానీ ఆ మాటలో అబద్ధం లేదండీ. ఆ వేళ్ళు చూసి తీరాలి. నాలుగు వేళ్ళూ ఒకదాని వెనక ఒకటి విచ్చుకుంటూ తీగల మీదుగా ఇలా వెళ్ళి అలా వచ్చేవి. గోళ్ళు విరగకుండా, పళ్ళ సెట్లు చేసే పొడినే కలిపి వాటి మీద పూత వేసుకునేది. అందుకని ఆ కుడిచేతి గోళ్ళు ఎప్పుడు చూసినా చిగుళ్ళ రంగులో ఉండేవి.

పళ్ళ సెట్ల పొడి ఎక్కడిదంటే, ఆవిడ ఉద్యోగమే అది. డెంటల్ ల్యాబ్‌లో ఇరవై ఏళ్ళుగా మైనంలో పళ్ళు పేరుస్తోంది. పై దవడకి పద్నాలుగు, కింది దవడకి పద్నాలుగు. వెంట్రుకవాసి తేడా వచ్చినా పెట్టుకున్నవాళ్ళు ముద్ద నమలలేరు. ల్యాబ్‌లో డాక్టర్ల దగ్గర్నుంచి మైనం కరిగించే పెద్దాయన దాకా అందరూ ఆవిడని వదినా అనే పిలుస్తారు, చేతికి దండం పెట్టాలమ్మా అంటారు. అంతటి పనిమంతురాలికి ఒక్కటంటే ఒక్కటి అబ్బలేదు. లయ.

ఆవిడ వాయించేది ఫ్లమెంకో. తెలియనివాళ్ళకి ఒక్క ముక్కలో చెప్తాను. పాట, గిటారు, చప్పట్లు, మేకులు కొట్టిన జోళ్ళతో నేల అదరగొట్టే అడుగులు, ఈ నాలుగూ ఒకే తాళం పట్టుకుని నడుస్తాయి. ఏ ఒక్కటి చెయ్యి వదిలేసినా మిగతా మూడూ బోర్లా పడతాయి.

కిందటేడు పడ్డాయి కూడా. పడింది ఆవిడ ఆడపడుచు చిట్టి. చిట్టి అంటే చిన్నపిల్ల అనుకునేరు, నలభై రెండేళ్ళు నిండాయి. పగలు పోస్టాఫీసులో పార్శిళ్ళు తూస్తుంది, సాయంత్రం నృత్యశాలలో అడుగులు వేస్తుంది. ఆ ఏడాది ప్రదర్శనలో వదిన గిటారు, చిట్టి నృత్యం. అందులో ఒక చోట పాట, గిటారు, చప్పట్లు అన్నీ ఆగిపోతాయి. పాదాలు ఒక్కటే మాట్లాడతాయి. అవి చెప్పాల్సింది చెప్పాక గిటారు మళ్ళీ సరిగ్గా తాళం దెబ్బ మీద అందుకోవాలి.

వదిన తలొంచుకుని, వేళ్ళ మీంచి చూపు తిప్పకుండా, పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంటోంది. ఒకటి, రెండు, మూడు. తన లెక్క ప్రకారం తను సరిగ్గానే అందుకుంది. కానీ చిట్టి పాదాలు అప్పటికే ఒక దెబ్బ ముందున్నాయి. చిట్టి సర్దుకుని గిటారుని కలుద్దామని చూసింది. అదే క్షణంలో వదిన కూడా సర్దుకుని పాదాలని కలుద్దామని చూసింది. ఇరుకు నడవాలో ఎదురుపడ్డ ఇద్దరూ ఒకే పక్కకి తప్పుకున్నట్టయింది. చిట్టి వేదిక నడిమధ్య కొయ్యబారిపోయింది. జనం, పాపం, అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టారు. చిట్టి నవ్వుతూ వంగి దండం పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. సగం నృత్యం ఇంకా మిగిలే ఉంది.

ఇంటికొచ్చాక తిడుతుందేమోనని వదిన ఎదురుచూసింది. చిట్టి పల్లెత్తు మాట అనలేదు. మర్నాడూ అనలేదు. ఏడాది పొడుగునా అనలేదు. తిడితే ఆ బరువు అక్కడితో దిగిపోయేది. తిట్టకపోవడంతో అది ఇంట్లోనే కూర్చుంది, లేవమన్నా లేవని చుట్టంలా.

ఈ ఏడు ప్రదర్శనకి రెండు నెలలుందనగా చిట్టి వంటింట్లో మాట కదిపింది.

"ఈసారి రికార్డు పెట్టుకుంటున్నా వదినా."

వదిన కూర తరుగుతున్న కత్తి ఆగింది. "ఏం రికార్డు?"

"గిటారు రికార్డు. మా టీచర్ నాకు ఒక్కదానికే ఏడు నిమిషాలు ఇచ్చింది. మోకాలి సంగతి నీకు తెలుసుగా, వచ్చే ఏడు నుంచి ఈ గట్టి దెబ్బలు వద్దని డాక్టరు చెప్పేశాడు. ఇంత పెద్దది మళ్ళీ నేను చెయ్యలేను."

"రికార్డు నీకోసం ఆగుతుందా? నీ మోకాలు పట్టేస్తే అది తన దారిన తను పోతుంది."

"పోతే పోనీ. ఆగకపోయినా పరవాలేదు, ముంచకపోతే చాలు."

అబ్బ! అక్కడికక్కడే నేల బద్దలై తనని మింగేస్తే బాగుండుననిపించింది వదినకి. భోజనాల బల్ల దగ్గర పేపరు చదువుతున్న మొగుడు ఇదే అదననుకుని, "పోనీ ఇద్దరూ చెరి సగం..." అని మొదలుపెట్టాడు.

"నువ్వూరుకో అన్నయ్యా."

"మీరూరుకోండి."

ఆయన పేపరు ఇంకాస్త పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"సరే," అంది వదిన. "మేకుల తాత దగ్గరికి వెళ్తా. ప్రదర్శనకి రెండు రోజుల ముందు ఆయన్నే విని చెప్పమందాం. ఆయన సరేనంటే నేను వాయిస్తా. కాదంటే నీ రికార్డు నువ్వు పెట్టుకో, నేను ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొడతా."

"అవైనా తాళంలో కొడతావా?"

వదినకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉల్లిపాయలు తరుగుతున్నాను కదా అని సరిపెట్టుకుంది. తరుగుతున్నది ఉల్లిపాయలు కాదు, బెండకాయలు.

మేకుల తాత చెప్పులు కుట్టేవాడు. నృత్యం చేసేవాళ్ళ జోళ్ళకి మడమ కిందా ముందు భాగం కిందా చిన్న చిన్న మేకులు వరసగా దించుతాడు. అవే అడుగుకి ఆ మోత ఇస్తాయి. వయసులో ఉండగా పాడేవాడు, నలభై ఏళ్ళు నర్తకుల వెనక నిలబడి చప్పట్లు వేశాడు. ఆయన చప్పట్లు వింటే కుంటివాడికైనా అడుగు వెయ్యాలనిపిస్తుందని చెప్పుకునేవారు. దుకాణం నిండా తోలు వాసన, జిగురు వాసన, గోడకి వేలాడే చెక్క పాదాలు. కూర్చోడానికి రెండే పీటలు.

మొదటి సాయంత్రమే ఆయన వదిన చేతిలోంచి గిటారు తీసుకుని చెక్క పాదాల మధ్య వేలాడదీశాడు.

"అదేంటి తాతగారూ?"

"దాన్నక్కడ ఉండనీ. చేతులు తెచ్చుకున్నావుగా?" సుత్తితో గోడ గడియారం వైపు చూపించాడు. "అమ్మాయ్, గడియారం ఎక్కడ మొదలవుతుంది?"

"ఒకటి దగ్గర."

"అదే నీ జబ్బు. పన్నెండు దగ్గర మొదలవుతుంది. పన్నెండు కొట్టాకే కదా ఒకటి వచ్చేది? నువ్వు ఒకటి దగ్గర కాలు పెట్టేసరికి చిట్టి అప్పటికే గుమ్మం దాటి వెళ్ళిపోయింది." అని బల్ల మీద సుత్తితో కొట్టి చూపించాడు. పన్నెండు, మూడు, ఆరు, ఎనిమిది, పది. మళ్ళీ పన్నెండు. "విన్నావా? రెండు పెద్ద అంగలు, మూడు చిన్న అంగలు. ఇంతే. ఇంతకంటే ఏం లేదు."

"ఇది నాకు తెలుసండీ. పుస్తకంలో ఉంది."

"పుస్తకంలో ఉందనేగా నా ఏడుపు. కొట్టు చప్పట్లు."

వదిన కొట్టింది. తప్పు లేకుండా కొట్టింది. తాత మేకులు దించుతూ తలెత్తకుండానే, "పెదాలు కదులుతున్నాయి," అన్నాడు. నిజమే, లెక్కపెడుతోంది. మూసుకుంది. లోపల నాలుక కదిలింది. అది కూడా ఎలా పసిగట్టాడో మహానుభావుడు, లేచి గ్లాసుడు నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. "పుక్కిట పట్టు. మింగకు, ఉమ్మకు. కొట్టు."

నోటినిండా నీళ్ళతో వదిన చప్పట్లు కొట్టింది. ఎనిమిది దాకా బాగానే నడిచింది. తొమ్మిదో దెబ్బకి అలవాటుకొద్దీ తొమ్మిది అనబోయింది. నీళ్ళన్నీ ఎవరిదో కొత్త ఎర్రతోలు జోడు మీద పడ్డాయి. తాత కోప్పడలేదు. జోడు తుడిచి పక్కన పెట్టి ఇంకో గ్లాసు తెచ్చాడు.

వారం తిరిగేసరికి నీళ్ళు పుక్కిట నిలబడ్డాయి గానీ లెక్క కనుబొమ్మల్లోకి ఎక్కింది. కనుబొమ్మలు అదుపులో పెడితే కాలి బొటనవేలికి దిగింది. చెప్పు లోపల దాక్కుని ఆ వేలు లెక్కపెడుతూ ఉంటే, "చెప్పు విప్పు," అన్నాడు తాత. ఈ ముసలాయనకి తల వెనక కూడా కళ్ళున్నాయి కాబోలు!

తిన్నా పన్నెండే, నడిచినా పన్నెండే. బస్సులో కూర్చుంటే కిటికీ కమ్మీలు పన్నెండు పన్నెండుగా విడిపోయేవి. ఒకనాడు ల్యాబ్‌కి పక్క వీధి డాక్టరు ఫోన్ చేశాడు.

"వదినగారూ, పెద్దావిడకి సెట్టు పంపించారు కదా."

"ఔనండీ, బిగుతుగా ఉందా?"

"బిగుతు బ్రహ్మాండం. పై పళ్ళే పన్నెండున్నాయి."

ఇరవై ఏళ్ళలో అలాంటి పొరపాటు ఎన్నడూ చెయ్యలేదు. పై దవడలో పన్నెండో పన్ను దించగానే ఆవర్తం పూర్తయిందని మనసు చెప్పింది, చెయ్యి ఆగిపోయింది. ల్యాబంతా పగలబడి నవ్వారు. వదిన కూడా నవ్వింది గానీ, మిగతా రెండు పళ్ళూ పేర్చి, పద్నాలుగూ రెండుసార్లు లెక్కపెట్టుకుంది. అటు ఉన్న పనీ చెడుతోంది, ఇటు కొత్త విద్యా రావట్లేదు. అయిదు వారాలు గడిచిపోయాయి. లెక్క ఉంటే తాళం ఉంది. లెక్క ఒక్క క్షణం పక్కకి చూస్తే తాళం గల్లంతు. ఇక నావల్ల కాదని చిట్టికి చెప్పేద్దాం అనుకుని, ఆ సాయంత్రం గిటారు తెచ్చేసుకోడానికే తాత దుకాణానికి వెళ్ళింది.

వెళ్ళేసరికి చిట్టి అక్కడుంది. మడమ మేకులు అరిగిపోతే కొత్తవి వేయించుకోడానికి వచ్చింది. ఒకళ్ళనొకళ్ళు చూసుకుని ఇద్దరూ మొహాలు ముడుచుకున్నారు.

"వచ్చావా? కూర్చో," అన్నాడు తాత. "చిట్టీ, నీ జోడు అయ్యేసరికి గంట పడుతుంది. ఊరికే కూర్చోడం దేనికి? నువ్వు దెబ్బ మీద చప్పట్లు వెయ్యి, మీ వదిన దెబ్బకీ దెబ్బకీ మధ్య వేస్తుంది."

మొదలుపెట్టారు. నాలుగు ఆవర్తాలు తిరిగాయో లేదో వదిన తడబడింది. మళ్ళీ మొదలు. మళ్ళీ తడబాటు. మూడోసారికి చిట్టి నిట్టూర్చింది. ఆ నిట్టూర్పు ఉంది చూశారూ, ఏడాది మౌనం కంటే అదే ఎక్కువ మండించింది వదినకి.

"ఏంటా నిట్టూర్పు? నోటితో చెప్పు."

"చెప్పడానికేముంది? ఉన్నదే కదా."

"చప్పట్లు ఆపద్దు," అన్నాడు తాత. "కొట్టుకుంటే కొట్టుకోండి, తిట్టుకుంటే తిట్టుకోండి, చేతులు మాత్రం ఆగకూడదు."

చేతులు ఆపలేదు. నోళ్ళూ ఆపలేదు.

"నీకు రాదని నేననలేదు. వినవని అన్నాను!"

"ఎప్పుడన్నావ్? నువ్వు ఏదన్నా అంటేగా! ఏడాదిగా మొహం గంటు పెట్టుకుని తిరిగావ్!"

"గంటు పెట్టుకోనా మరి? నా ఎర్ర పావడా ఉతికి గులాబీ రంగు చేసింది ఎవరు?"

"నానబెట్టి పోస్టాఫీసుకి పోయింది ఎవరు?"

"నా జోళ్ళు ఎండలో పెట్టి..."

"తడి జోళ్ళు నా మంచం కింద పెట్టి..."

ఇలా కాసేపు పావడాలూ జోళ్ళూ తువ్వాళ్ళూ అన్నీ బయటికొచ్చాయి. అవన్నీ అయిపోయాక అసలుది వచ్చింది.

"ఆ రోజు నువ్వు నా వైపు ఒక్కసారైనా చూశావా వదినా?"

"ఎలా చూస్తాను? వేళ్ళు చూసుకోవద్దూ?"

"నీ వేళ్ళెక్కడికి పోతాయి? పోయింది నేను! అంతమందిలో ఒక్కదాన్నే అయిపోయాను. నువ్వు తలెత్తితే చాలు, నీ మొహం చూసి మళ్ళీ అందుకుందును. తలెత్తలేదు. జనం చప్పట్లు కొడుతుంటే నవ్వుతూ వంగానే, అప్పుడు లోపల చచ్చిపోయాను."

"తలెత్తితే లెక్క పోతుందని భయమే!"

"పోనియ్యాల్సింది! లెక్క పోతే ఏం? నేను పోలేదూ?"

"నాకు మాత్రం బాధ లేదా చిట్టీ? సిగ్గుతో ఏడాదిగా నీ మొహంలోకి సరిగ్గా చూడలేకపోతున్నాను. నీ నృత్యం చెడగొట్టినదాన్ని నేనే. నేనే! నాకు తెలుసు!"

"మరి ఆ మాట అనలేదేం?"

"నువ్వు తిట్టలేదుగా! తిడితే అందామని కాచుకుని కూర్చున్నా!"

చిట్టికి నవ్వాగలేదు. నవ్వుతూనే ఏడ్చింది. వదిన కూడా అంతే. అప్పుడు తాత సుత్తి కింద పెట్టి, నెమ్మదిగా అడిగాడు. "అమ్మాయ్, ఇప్పుడు ఎన్నో దెబ్బ మీద ఉన్నావు?"

వదిన నోరు తెరిచింది. "తెలీదు," అంది. అనేసి తన చేతుల వైపు చూసుకుంది. అవి ఇంకా కొడుతూనే ఉన్నాయి. చిట్టి దెబ్బకీ దెబ్బకీ మధ్య, వెతుక్కోకుండా పడుతున్నాయి. "తెలీదు గానీ తాతగారూ, ఇదిగో, ఇదే పన్నెండు!" సరిగ్గా అక్కడే తాత మడమ నేలకి తాకింది.

"పావుగంటైంది మీరు మొదలుపెట్టి," అన్నాడు తాత. "ఒక్కటీ జారలేదు. ఎవరు లెక్కపెట్టారు మరి?"

ఎవరూ పెట్టలేదు. పావడాల గొడవలో లెక్క ఎక్కడో దిగిపోయింది, తాళం మాత్రం దిగలేదు. ఇప్పుడది వదినకి స్పష్టంగా తెలుస్తోంది. మోచేతుల్లో ఉంది, పక్కటెముకల కింద ఉంది, కూర్చున్న పీట దాకా ఉంది. రెండు పెద్ద అంగలు, మూడు చిన్న అంగలు, ఊపిరి తీసినంత తేలిగ్గా తిరుగుతోంది. వదినకి ఎంత సంతోషమేసిందంటే, లేచి తాత కాళ్ళకి మొక్కబోయింది.

"చప్పట్లాపి మొక్కకు!" అని అరిచాడాయన. అందుకని మొక్కలేదు.

తర్వాత మూడు వారాలు గిటారుతో. మొదటి రోజు వేళ్ళకేసి చూడగానే పాత జబ్బు తిరగబెట్టింది. "చిట్టి భుజం చూడు," అన్నాడు తాత. "పాదం నేలని తాకేముందు భుజం చెప్తుంది." వదిన తలెత్తి భుజం చూసింది. మొదట్లో స్వరాలు తప్పాయి. తప్పితే తప్పనీ అన్నాడు తాత, స్వరం తప్పితే ఒక్కటే పోతుంది, తాళం తప్పితే ఇల్లంతా పోతుంది అన్నాడు. పది రోజులకి స్వరాలు కూడా వాటంతటవే గూటికి చేరాయి. ల్యాబ్‌లో పళ్ళు మళ్ళీ పద్నాలుగయ్యాయి. ఇంట్లో మొగుడు పేపరు దించి, "ఏమోయ్, ఇప్పుడు వినొచ్చునా?" అన్నాడు. "విని చూడండి," అంది వదిన. విన్నాడు. విని, ఎవరూ అడక్కుండానే కంచాలు కడిగాడు.

ప్రదర్శనకి రెండు రోజుల ముందు తాత మేకులు దించుతూ ఏడు నిమిషాలూ విన్నాడు. "సరే," అన్నాడు. ఒక్క ముక్కే.

ప్రదర్శన ఆదివారం మధ్యాహ్నం. హాలు నిండింది. వదిన కుర్చీ ఎక్కడ వెయ్యాలో చూసుకుంటుంటే సౌండు చూసే ఆయన దగ్గరికొచ్చాడు.

"అమ్మా, రికార్డు రెడీగా ఉంచాను. మధ్యలో తేడా వచ్చి చిట్టిగారు చెయ్యెత్తితే వెంటనే వేసేస్తాను. మీరు కంగారుపడి వాయిస్తూ ఉండకండి, రెండూ కలిసిపోతాయి."

తెర వెనక చిట్టి జోడు తాడు బిగించుకుంటోంది. వదిన వెళ్ళి ఎదురుగా నిలబడింది. చిట్టికి అర్థమైపోయింది.

"కోపం కాదు వదినా. భయం. తాతగారు సరేనన్నారు, నా మనసూ సరేనంది, నా కాళ్ళే నమ్మట్లేదు. ఆ చోటు రాగానే కిందటేడు గుర్తొస్తోంది. నేనేం చెయ్యను?"

వదినకి ఒంటికాలి మీద లేవాలనిపించింది. రెండు నెలలు నీళ్ళు పుక్కిట పట్టింది ఇందుకా అని అడగాలనిపించింది. కానీ చిట్టి కట్టిన తాడే విప్పి మళ్ళీ కట్టుకోవడం చూసింది. "ఎత్తాలనిపిస్తే ఎత్తు," అంది. "ఎత్తేముందు ఒక్కసారి నా వైపు చూడు. నేను చూస్తూనే ఉంటా."

దీపాలు వెలిగాయి. ఏళ్ళ తర్వాత మళ్ళీ పాడడానికి ఒప్పుకున్న తాత పాట ఎత్తుకున్నాడు, అరిగిన గొంతు, అయినా హాలు చివరి దాకా వెళ్ళింది. ఇద్దరు అమ్మాయిలు చప్పట్లు. వదిన గిటారు. చిట్టి నాలుగు నిమిషాలు అలా అలా తేలిపోయింది. నిజం చెప్పొద్దూ, ఆ నాలుగు నిమిషాలూ వదినకి ప్రాణం హాయిగా ఉంది. తరువాత ఆ చోటు వచ్చింది. పాట ఆగింది, చప్పట్లు ఆగాయి, వదిన అరచెయ్యి తీగల మీద వేసి మోత ఆపేసింది. హాలులో ఇక చిట్టి పాదాలు మాత్రమే.

మెల్లగా మొదలుపెట్టింది. పెంచింది. చినుకులు రేకుల కప్పు మీద పడ్డట్టు మేకులు మోగాయి. రెండు ఆవర్తాలు, మూడు, నాలుగు. అయిదో దాంట్లో కుడి మోకాలు పట్టేసింది. రెండు దెబ్బలు మోగలేదు. మూడోది మోగింది గానీ ఎక్కడ మోగిందో చిట్టికే తెలియలేదు. పాదాలు ఆగిపోయాయి. జనానికింకా ఏమీ తెలియదు. తాతకి తెలుసు, ఆయన మొహం పాలిపోయింది. హాలు వెనక సౌండాయన వేలు మీట మీద ఉంది. చిట్టి కుడిచెయ్యి కదిలి, నడుము దాకా లేచింది.

అయినా చిట్టి మాట నిలబెట్టుకుంది. వదిన వైపు చూసింది.

వదిన చూస్తూనే ఉంది. వేళ్ళ వైపు కాదు, లెక్క వైపు కాదు, చిట్టి కళ్ళలోకి. ఆగిపోయింది పాదాలే. తాళం ఆగలేదు. అది వదిన ఒంట్లో ఒక్క దెబ్బ కూడా పోగొట్టుకోకుండా తిరుగుతూనే ఉంది. అనుకున్న చోటు ఇంకా రాలేదు, ఐనా వదిన ఆగలేదు. చిగుళ్ళ రంగు గోటితో గిటారు చెక్క మీద కొట్టింది. రెండు పెద్ద అంగలు, మూడు చిన్న అంగలు. "రా చిట్టీ," అంది పైకే, ముందు వరసకి వినపడేలా. ఇదిగో, ఇక్కడ. పన్నెండు! ఆరు తీగలూ ఒక్కసారి గొంతెత్తాయి.

ఆ పన్నెండు మీదే చిట్టి మడమ నేల మీద పడింది. హాలు గోడలు అదిరాయి. సగం లేచిన చెయ్యి ఆగకుండా పైకి, ఇంకా పైకి వెళ్ళింది. సౌండాయనకి పై ప్రాణాలు పైనే పోయాయి. కానీ పైకి వెళ్ళిన చెయ్యి మణికట్టు దగ్గర తిరిగి, వేళ్ళు విప్పుకుని, నృత్యమై దిగింది. ఆయన మీట మీంచి వేలు తీసి ఆ వేలు గట్టిగా చొక్కాకి తుడుచుకున్నాడు.

ఇక ఆ తర్వాతది ఏం చెప్పమంటారు! తాత మళ్ళీ పాట అందుకున్నాడు, ముప్ఫై ఏళ్ళు తగ్గిన గొంతుతో. చిట్టి కుడికాలికి బరువు తగ్గించి ఎడమకాలితో దెబ్బలు వేసింది. వదిన అది భుజంలోనే కనిపెట్టి గిటారు అటు తిప్పింది. చిట్టి సాగదీస్తే సాగదీసింది, తోస్తే తోసింది. ఆఖరి ఆవర్తంలో, ఈ తాళం ముగించాల్సిన పదో దెబ్బ మీద ఇద్దరూ, పాదమూ తీగలూ, కత్తితో కోసినట్టు ఒక్కసారి ఆగారు. ఆ వెంటనే జనం కుర్చీల్లోంచి లేచారు. వదిన మొగుడైతే కుర్చీ మీదకే ఎక్కి, "మా ఆవిడండీ! మా చెల్లెలండీ!" అని ముందూ వెనకా ఉన్నవాళ్ళందరికీ చెప్తున్నాడు. చిట్టి వచ్చి, గిటారుతో సహా వదినని కావలించుకుంది. "పట్టుకున్నావు వదినా, పట్టుకున్నావు," అని అదే మాట పదిసార్లు అంది.

ఫ్లమెంకోలో చివర ఒక ఆనవాయితీ ఉంది. అంతా అయ్యాక వేదిక మీదున్నవాళ్ళు వరసగా నిలబడి చప్పట్లు వేస్తుంటే, ఒక్కొక్కరే మధ్యలోకొచ్చి నాలుగడుగులు వేసి వెళ్ళాలి. నర్తకులే వెయ్యాలని లేదు, పాడినవాళ్ళయినా వాయించినవాళ్ళయినా తప్పించుకోడానికి లేదు. ముందు తాత వెళ్ళాడు, కోటు అంచు రెండు వేళ్ళతో పట్టుకుని ఒక్క చుట్టు తిరిగి, జనం చేత కేకలు వేయించి వచ్చాడు. వస్తూ వస్తూ వదిన చేతిలో గిటారు లాక్కున్నాడు.

"వద్దు తాతగారూ! నేనెప్పుడూ అడుగు వెయ్యలేదు! కాళ్ళకి చూడండి, ల్యాబ్ చెప్పులు!"

"నడువు," అన్నాడు తాత.

వెనక నుంచి ఎవరో తోశారు. వదిన వేదిక మధ్యలో పడింది. ఎదురుగా నిండు హాలు, మీద దీపాలు, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీదు. చిట్టి వరసలోంచి ఒకడుగు ముందుకొచ్చి, వదిన మొహంలోకి చూస్తూ చప్పట్లు అందుకుంది. రెండు పెద్దవి, మూడు చిన్నవి.

"భయపడకు వదినా, తప్పితే నేను పట్టుకుంటా!"

"తప్పితే కదా!" అంది వదిన, అడుగు వేసింది.